పది డాలర్ల టికెట్, రెండు విమాన టికెట్లు: మా ఉగాది రాఫిల్‌లో నా అనుభవం

2019 జనవరిలో ఒక ఆదివారం మా తెలుగు సంఘం కమిటీ మా ఇంట్లో కూర్చుంది. శాన్ హోసే చుట్టుపక్కల ఉన్న ఓ రెండొందల కుటుంబాల సంఘం మాది. ఆ ఏడాది నేను కొత్తగా కోశాధికారిని. వికారి నామ ఉగాది ఏప్రిల్ 6న, శనివారమే పడింది. హైస్కూల్ ఆడిటోరియం బుక్ అయింది, పిల్లల డాన్సుల జాబితా తయారైంది. "ఈసారి లక్కీ డ్రా పెడదాం, రాఫిల్" అన్నారు మా అధ్యక్షుడు. టికెట్ 5 డాలర్లు, రెండు వేల టికెట్లు. వచ్చిన డబ్బులో కొంత పెట్టి బంగారం కొని బహుమతిగా ఇద్దాం, మిగిలింది ఆయన చదువుకున్న పల్నాటి ఊరి బడికి మరుగుదొడ్లు కట్టడానికి పంపుదాం అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు కొంచెం వణికింది. ఆ బడిలో ఆడపిల్లలు ఏడో తరగతి తర్వాత ఎందుకు మానేస్తున్నారో ఆయన అంతకుముందే మాకు చెప్పి ఉన్నారు. అందరం సరే అన్నాం.

అనుమతి ఏమైనా కావాలేమో కనుక్కుంటానని నేనే ఒప్పుకున్నాను. మన వైపు జాతరలో లక్కీ డిప్ బండి పెట్టినట్టే కదా, ఒక ఫారం ఉంటుంది, నింపి పంపితే అయిపోతుంది అనుకున్నాను.

ఆ రాత్రి చదవడం మొదలుపెట్టాక మొట్టమొదట నన్ను ఆపిన విషయం, ఈ నిబంధన ఏ పుస్తకంలో ఉందన్నది. కాలిఫోర్నియాలో రాఫిల్ సంగతి ఉన్నది శిక్షాస్మృతిలో. సెక్షన్ 320.5. డబ్బు తీసుకుని, అదృష్టం మీద బహుమతి ఇస్తే అది లాటరీ, లాటరీ నేరం. ఇది మూలసూత్రం. 2000 మార్చిలో ఓటర్లు ప్రతిపాదన 17ను ఆమోదించి, సేవాసంస్థలకు మాత్రం రాఫిల్ నడుపుకునే వీలు కల్పించారు. 2001 జూలై నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. అంటే మనం చేస్తున్నది మామూలుగా నేరం, కొన్ని షరతులు పాటిస్తే మాత్రమే కాదు. ఈ వరస తెలిశాక ఆ సెక్షన్‌లో ఒక్కో వాక్యాన్నీ రెండుసార్లు చదివాను.

మొదటి దెబ్బ 90 శాతం నిబంధన. టికెట్ల మీద వచ్చిన మొత్తంలో, ఖర్చులు తీసేయక ముందు మొత్తంలో, కనీసం 90 శాతం సేవకే పోవాలి. మిగిలిన 10 శాతంలోనే ముద్రణ, రుసుము, ఇతర ఖర్చులు అన్నీ ఇమడాలి. టికెట్ల డబ్బుతో బహుమతి కొంటే ఆ ఖరీదు కూడా ఆ 10 శాతంలోకే వస్తుంది. పది వేల డాలర్లు వస్తే వెయ్యి దాటకూడదు. మేమనుకున్న బంగారం అక్కడితో పోయింది. కమిటీలో ఒకాయన ఇంకో రాష్ట్రంలో ఉన్నప్పుడు చూశానంటూ సగం సగం పద్ధతి చెప్పారు: వచ్చిన డబ్బులో సగం గెలిచినవారికి, సగం సంఘానికి. 90 శాతం లెక్కలో అదెలాగూ పట్టదు. పెద్ద క్రీడా జట్ల ఫౌండేషన్లకు వేరే సెక్షన్ కింద అది కుదురుతుంది, మనలాంటి సంఘాలకు కుదరదు. టెక్సస్‌లోనైతే నగదు బహుమతే ఇవ్వకూడదు. ఒక్కో రాష్ట్రానిదీ ఒక్కో దారి. పక్క రాష్ట్రంలో మేనత్త కొడుకు ఎలా చేశాడో అడిగి మనం చేయడానికి లేదు.

బహుమతుల విషయంలో చట్టం చెప్పేది ఇంతే: ఆ 10 శాతం దాటి అవి టికెట్ కొనేవాళ్ల జేబులోంచి రాకూడదు. అది చాలకపోతే ఎవరైనా ఇవ్వాలి, లేదా సంఘం తన వేరే డబ్బుతో కొనాలి. పది డాలర్లు పెట్టినవాడు గెలవకపోయినా, అందులో తొమ్మిది డాలర్లు తను అనుకున్న మంచిపనికే పోయాయని నమ్మకం ఉండాలి. నాకు ఇది న్యాయంగా అనిపించింది. మా అధ్యక్షుడికీ అనిపించింది.

రెండోది చెప్పడమే కష్టమైంది. రాఫిల్ డబ్బు కాలిఫోర్నియా దాటి బయటి ఏ పనికీ వాడకూడదని చట్టంలో నేరుగా రాసి ఉంది. సేవైనా, మరేదైనా. పల్నాటి బడికి ఒక్క డాలరు కూడా పంపడానికి లేదు.

అధ్యక్షుడికి ఫోన్ చేసి చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "సేవే కదమ్మా మనం చేసేది" అన్నారు. అవునండీ, కానీ ఈ డబ్బుతో కాదు అన్నాను. ముందు సంఘం ఖాతాలో వేసుకుని, తర్వాత సంఘం తరఫున పంపితే అని ఆయన అడగలేదు. ఆ మాట కమిటీలో వేరేవాళ్లు అన్నారు. ఖాతా పేరు మారినంత మాత్రాన డబ్బు మారదు, చివర్లో నివేదికలో ఆ డబ్బు ఎక్కడికి పోయిందో రాసి సంతకం పెట్టాల్సింది నేను అని చెప్పాను. సంఘం అధికారులకో సభ్యులకో మేలు చేసే పనికి కూడా వాడకూడదు కనుక మా పిల్లల తెలుగు బడికీ కుదరలేదు. చివరికి రెండు పనులుగా విడదీశాం. రాఫిల్ డబ్బు, లేనివాళ్లకు తిండిగింజలు పంచే మా కౌంటీ ఆహార బ్యాంకుకు. పల్నాటి బడికి విడిగా, టికెట్లూ బహుమతులూ ఏమీ లేకుండా, నేరుగా చందాలు. ఆ చందాలకు మాకు అడ్డు లేదు. పైగా ఇచ్చినవాళ్లకు పన్ను మినహాయింపూ ఉంటుంది, ఉద్యోగం చేసే కంపెనీలు మ్యాచింగ్ (ఉద్యోగి ఇచ్చినదానికి తోడుగా కంపెనీ వేసే డబ్బు) ఇచ్చే వీలూ ఉంటుంది. రాఫిల్ టికెట్ కొనుగోలుకు ఈ రెండూ లేవు, ఎందుకంటే అది విరాళం కాదు. ఆ ఏడాది బడి చందా మేం అనుకున్నదానికంటే బాగా వచ్చింది. అధ్యక్షుడు తన ఊరి ఫొటోలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు.

"టికెట్ అనొద్దు, డొనేషన్ అందాం, అప్పుడు ఈ గొడవ ఉండదు" అని మరొకరన్నారు. దీనికీ చట్టంలో జవాబుంది. డబ్బివ్వని వాళ్లు అడిగినా అవే షరతుల మీద టికెట్ ఇస్తే, అలా అందరికీ పంచిపెడితే, నమోదు అక్కర్లేదు. అంటే నిజంగానే ఉచితంగా ఇవ్వాలి. పేరు మార్చి పది డాలర్లు పుచ్చుకుంటే చెల్లదు.

అర్హత విషయంలో మాకు ఇబ్బంది రాలేదు. సంస్థకు రాష్ట్ర పన్ను మినహాయింపు ఉండాలి, ఇక్కడ కనీసం ఏడాదిగా పనిచేస్తూ ఉండాలి. మాకు రెండూ ఉన్నాయి. అటార్నీ జనరల్ కార్యాలయంలో సేవాసంస్థల రిజిస్ట్రీ ఉంటుంది, సాక్రమెంటోలో. అక్కడికి సీటీ-ఎన్ఆర్‌పీ-1 అనే ఫారం, 20 డాలర్ల చెక్కు పంపాలి. డ్రాకు 60 రోజుల ముందే పంపాలి కనుక మా గడువు ఫిబ్రవరి 5. నేను జనవరి మూడో వారంలోనే పంపాను. ఉత్తరం వచ్చేదాకా ఒక్క టికెట్ కూడా అమ్మొద్దని వాట్సాప్‌లో పెట్టాను. ఫిబ్రవరి చివర్లో వచ్చింది. తర్వాతి కాలంలో రుసుమూ గడువులూ మారాయి. నేను చెప్తున్నవన్నీ మేం చేసిన ఏడాది అంకెలు.

ఇక బహుమతుల వేట. మా అధ్యక్షుడూ నేనూ రెండు వారాంతాలు తిరిగాం. నగల కొట్టాయన 8 గ్రాముల బంగారు నాణెం ఇచ్చారు. ఇళ్లు అమ్మిపెట్టే ఒక తెలుగావిడ 55 అంగుళాల టీవీ ఇచ్చారు. ఒకరు ధర్మవరం పట్టుచీర, ఒకరు ఇన్‌స్టంట్ పాట్. ట్రావెల్ ఏజెన్సీ నడిపే ఆయన, మేం అడగకముందే, శాన్ ఫ్రాన్సిస్కో నుంచి హైదరాబాదుకు రానూపోనూ టికెట్లు రెండు ఇస్తానన్నారు, ఏడాదిలోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు. అప్పటి ధరలో రెండూ కలిపి 2,400 డాలర్లు.

ఇచ్చిన ఐదుగురికీ రసీదు ఉత్తరాలు రాశాను. ఇక్కడో చిన్న సంగతి. వస్తురూపంలో ఇచ్చిన విరాళానికి సంఘం ఇచ్చే ఉత్తరంలో వస్తువు వివరం రాయాలి, విలువ మాత్రం మనం కట్టకూడదు. అది దాత తన రిటర్నులో తను చూసుకోవాల్సిన లెక్క. నగల కొట్టాయన "500 అని రాయండమ్మా" అని నవ్వారు. "ఎనిమిది గ్రాముల బంగారు నాణెం ఒకటి" అని రాసిచ్చాను.

టికెట్ ధర ఎంత పెట్టాలన్నది మామూలుగా ఎవరూ పెద్దగా ఆలోచించరు. మేమూ 5 డాలర్లని అనేసుకున్నాం. కానీ బహుమతి గెలిచినవారి మీద పడే కాగితాల భారం ఆ ధర మీద ఆధారపడి ఉంటుంది. ఫెడరల్ లెక్కలో రాఫిల్ గెలుపు జూదపు ఆదాయం కిందికే వస్తుంది. అప్పటి నియమం ప్రకారం బహుమతి విలువ 600 డాలర్లు లేదా అంతకుమించి ఉండి, టికెట్ ధరకు 300 రెట్లు కూడా ఉంటే, సంఘం డబ్ల్యూ-2జీ అనే ఫారం నింపి గెలిచినవారికీ ప్రభుత్వానికీ ఇవ్వాలి. టికెట్ 5 డాలర్లయితే 300 రెట్లు 1,500. మా విమాన టికెట్లు 2,400 కనుక ఫారం తప్పదు. టికెట్ 10 డాలర్లయితే 300 రెట్లు 3,000. బహుమతి 2,400 దగ్గరే ఆగింది కనుక ఫారం అక్కర్లేదు. అలాగని గెలిచినవారికి పన్ను పోయినట్టు కాదు, వాళ్ల రిటర్నులో వాళ్లు చూపించుకోవాల్సిందే. సంఘం నింపాల్సిన కాగితం మాత్రం తగ్గుతుంది. టీవీ, నాణెం, చీర ఎలాగూ ఒక్కొక్కటీ 600 లోపే.

ఇంకా పెద్ద బహుమతి, కారు లాంటిదైతే కథ వేరు. టికెట్ ధర పోను గెలుపు 5,000 డాలర్లు దాటితే, సంఘమే 24 శాతం పన్ను పట్టుకుని కట్టాలి. వస్తువులోంచి పన్ను కోయలేం కదా. గెలిచినవారు ఆ సొమ్ము నగదుగా తెచ్చి ఇవ్వాలి, అప్పుడే కారు తాళం చేతికివ్వాలి. సంఘమే పన్ను భరిస్తానంటే శాతం 24 కాదు, 31.58 అవుతుంది, ఎందుకంటే మనం కట్టిన పన్ను కూడా వాళ్లకు బహుమతి కిందే లెక్క. కారు బహుమతి పెడదామని తర్వాత ఏ సంఘంవాళ్లు నాతో అన్నా, ముందు ఈ అంకె చెప్తాను. వచ్చినవాళ్ల చేతిలో ఆ రోజు అంత నగదు ఉంటుందా అని అడుగుతాను.

మేం 10 డాలర్లు పెట్టాం.

టికెట్ ఎలా ఉండాలో కూడా చట్టంలోనే ఉంది: చింపి ఇచ్చే ముక్క ఒకటి, మన దగ్గర మిగిలే స్టబ్ ఒకటి, రెండింటి మీదా ఒకే అంకె, ఆ అంకె ఇంకే టికెట్‌కీ ఉండకూడదు. పుస్తకానికి 20 టికెట్ల చొప్పున 60 పుస్తకాలు అచ్చు వేయించాం, 186 డాలర్లైంది. టికెట్ వెనక నేను పట్టుబట్టి ఒక వాక్యం తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వేయించాను: "స్టబ్ మీద ఎవరి పేరు ఉంటే బహుమతి వారిదే." నాలుగు మాటలకు చోటెందుకని కొందరు విసుక్కున్నారు. స్టబ్ మీద పేరు, ఫోన్ నంబరు, ఊరు.

ఇంటర్నెట్‌లో అమ్మడానికి లేదు. రాఫిల్ ఉందని ప్రచారం చేసుకోవచ్చు, టికెట్ మాత్రం ఆన్‌లైన్‌లో అమ్మకూడదు. మా కుర్రాళ్లు గూగుల్ ఫారం తయారుచేసేసి ఉంచారు, దాన్ని తీసేయించాను. ఇండియన్ కిరాణా కొట్టు బయట బల్ల వేసుకుని, నగదుకో చెక్కుకో టికెట్ చింపి చేతికిచ్చాం. మార్చి మూడు వారాంతాలు. ఒక పెద్దాయన కరివేపాకు కట్ట కొనడానికొచ్చి, ఆహార బ్యాంకు అంటే ఏమిటని అడిగి, చెప్పాక ఐదు టికెట్లు తీసుకున్నారు. తను కాలిఫోర్నియాకు వచ్చిన కొత్తలో ఉద్యోగం పోయి రెండు నెలలు అలాంటి చోటి నుంచే బియ్యం తెచ్చుకున్నానని చెప్పి, స్టబ్ మీద పేరు రాయకుండానే వెళ్లబోతే వెనక్కి పిలిచి రాయించాను.

ఉగాది రోజు సాయంత్రం డ్రాకు ముందు లెక్క చూస్తే ఒక పుస్తకం తక్కువ. 20 స్టబ్‌లు. 57 అమ్ముడుపోవాలి, మూడు అమ్మనివి నా దగ్గరున్నాయి, గంగాళంలో వేయడానికి 56 పుస్తకాల స్టబ్‌లే ఉన్నాయి. వేదిక మీద పంచాంగ శ్రవణం అయిపోయింది, జనం చూస్తున్నారు. "ఇరవై టికెట్లే కదా, కానిచ్చేద్దాం" అన్నారు ఒకరు. ఆ ఇరవైమందిలో ఒక్కరి దగ్గర కూడా అలా కానిచ్చే హక్కు మేం తీసుకోలేదు. డ్రా ఆపి, పిల్లల డాన్సు ముందుకు జరిపాం. నలభై నిమిషాల తర్వాత ఆ పుస్తకం దొరికింది, ఒక వాలంటీరు కారులో పసిపాప డైపర్ల సంచిలో. ఆవిడ ఏడుపు మొహంతో పరుగెత్తుకొచ్చింది. ఫర్వాలేదమ్మా అని చెప్పి, అందరి ముందూ ఆ ఇరవై స్టబ్‌లను ఒక్కొక్కటిగా చదివి గంగాళంలో వేశాం.

గంగాళం అంటే నిజంగా గంగాళమే. ఒకరింట్లో అమ్మమ్మ పెళ్లినాటి ఇత్తడిది, చింతపండుతో తోమి తెచ్చారు. డ్రా పద్దెనిమిదేళ్లు నిండిన మనిషి పర్యవేక్షణలో జరగాలి. ఆ సంతకం నాది. చేయి పెట్టి తీసింది మాత్రం ఇక్కడే పుట్టిపెరిగిన పదకొండో తరగతి పిల్ల. ఇన్‌స్టంట్ పాట్, చీర, టీవీ, నాణెం వరసగా అయిపోయాయి. ఆఖరిది విమాన టికెట్లు.

ఆ పిల్ల స్టబ్ తీసి, చూసి, ఆగిపోయింది. మైకు పక్కకు జరిపి నా వైపు చెయ్యి చాచింది. "ఆంటీ, ఇది తెలుగులో ఉంది."

నీలం బాల్‌పెన్నుతో, గుండ్రటి అక్షరాలు. ఇంటిపేరు, పేరు, చివర "గృహిణి" అని కూడా రాశారు. ఊరు అన్నచోట "నరసరావుపేట". పదకొండొందల నలభై స్టబ్‌లలో తెలుగులో రాసింది అదొక్కటే. నేను మైకులో చదివాను. హాలు మధ్యలోంచి ఒక పెద్దావిడ లేచి నిలబడ్డారు, పిలిచింది తననేనా అన్నట్టు పక్కన కొడుకు వైపు చూశారు.

పిన్నిగారు ఫిబ్రవరిలో కొడుకు దగ్గరికి వచ్చారు, సందర్శక వీసా మీద, మొదటిసారి. కొడుకు పది టికెట్లు కొని, ఒకటి "నీ పేరు రాసుకో అమ్మా" అని ఆవిడ చేతికిచ్చాడట. ఆవిడే రాసుకున్నారు.

అందరూ చప్పట్లు కొడుతుంటే నాకు వేరే దిగులు మొదలైంది. 600 దాటిన బహుమతి ఎవరికొచ్చినా సోషల్ సెక్యూరిటీ నంబరు (ఇక్కడ పన్ను లెక్కలకు వాడే గుర్తింపు సంఖ్య) రాయించుకోవాలని మా ఫారంలో ఒక గడి పెట్టాను. ఆవిడకు ఆ నంబరు ఉండదు. ఆ గడి ఖాళీగా కనిపించగానే ఇది వేరే లెక్క అని అర్థమైంది. కవరు ఆ రాత్రి ఇవ్వలేదు. "పిన్నిగారూ, సోమవారం దాకా ఆగండి, కాగితాలు చూసి చెప్తాను" అన్నాను. "దానికేముందమ్మాయ్, ఎక్కడికీ పోదుగా" అన్నారావిడ.

సోమవారం మా సీపీఏ, అంటే పన్ను లెక్కలు చూసే అకౌంటెంటు, చెప్పింది ఇదీ. 300 రెట్ల లెక్క, 600 లెక్క, 5,000 లెక్క, ఇవన్నీ ఇక్కడి పన్ను నివాసులకు. హెచ్-1బీ మీద ఉండి ఏడాది దాటినవాళ్లు సాధారణంగా ఈ కోవలోకే వస్తారు. చుట్టపుచూపుగా వచ్చిన మనిషి పన్ను లెక్కలో విదేశీ అనివాసి. అలాంటివారికి రాఫిల్ గెలుపు మీద మొదటి డాలరు నుంచే 30 శాతం పట్టుకోవాలి. కొన్ని దేశాలకు ఒప్పందం ప్రకారం మినహాయింపు ఉంది, భారతదేశానికి లేదు. పట్టుకోవాల్సిన బాధ్యత సంఘానిది. పట్టుకోకపోతే ఆ పన్ను సంఘమే కట్టాలి. 2,400 మీద 30 శాతం, 720 డాలర్లు.

కమిటీలో ఒకరు నాకు ఫోన్ చేశారు. "ఇంటిపేరు ఒకటేగా, కొడుకు పేరు మీద రాసేయండి. పది టికెట్లూ కొన్నది అతనేగా. పదో పరకో అతని రిటర్నులో చూపించుకుంటాడు." చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదు. ఊరుకాని ఊరికి వచ్చిన పెద్దావిడకు ఈ బాధెందుకనే అన్నారు. కానీ స్టబ్ నా ముందే ఉంది. ఆవిడ చేత్తో రాసుకున్న పేరు. హాలంతా విన్న పేరు. నేనే టికెట్ వెనక అచ్చు వేయించిన మాట. ఆ పేరు కొట్టేసి ఇంకో పేరు రాస్తే, మిగిలిన పదకొండొందల ముప్పైతొమ్మిది స్టబ్‌ల మీద పేర్లకు కూడా విలువ లేనట్టే. కుదరదన్నాను.

వాళ్లింటికి వెళ్లాను. కొడుకుకీ కోడలికీ లెక్కంతా చెప్పాను. బహుమతి వద్దనుకుంటే వదులుకునే హక్కు కూడా ఉందని చెప్పాను. పిన్నిగారు వంటింట్లోంచి వింటున్నారు. గోంగూర ఒలుస్తున్న చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నారు.

"ఏడొందల ఇరవై కడితే రెండు టికెట్లూ వస్తాయి. అంతేనా?"

"అంతే పిన్నిగారూ. ఆ టికెట్లు మీరు ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. పన్ను మాత్రం మీ పేరునే కట్టాలి, గెలిచింది మీరు కనుక."

ఆవిడ లేచి లోపలికెళ్లి ఒక చిన్న జిప్ పర్సు తెచ్చారు. వచ్చేటప్పుడు బాబాయిగారు బ్యాంకులో మార్పించి ఇచ్చిన వెయ్యి డాలర్లు అందులో ముట్టుకోకుండా ఉన్నాయి. కొడుకు చెక్కు రాస్తానని అడ్డం పడ్డాడు. "నా పేరున వచ్చింది, నేను కడతా" అన్నారు. ఏడు వంద నోట్లు, ఒక ఇరవై. ఒక్కో నోటూ బల్ల మీద పెడుతూ లెక్కపెట్టారు. రసీదు తెలుగులో రాసివ్వమన్నారు, రాసిచ్చాను. నేను కవరు అందించగానే అక్కడికక్కడే కోడలి చేతిలో పెట్టారు. "మూడేళ్లైంది మీరు ఊరొచ్చి. సంక్రాంతికి రండి." కోడలు ఏమీ అనలేక ఆవిడ భుజం మీద తల పెట్టుకుంది.

మిగిలిన పని మామూలే. 720 డాలర్లు ఏప్రిల్ లెక్క కనుక మే 15 లోపల ఆన్‌లైన్ పన్ను చెల్లింపు ద్వారా కట్టాను. టికెట్ల మీద మొత్తం 11,400 డాలర్లు వచ్చింది. ముద్రణకు 186, రుసుము 20 పోను 11,194 ఆహార బ్యాంకుకు చెక్కు ఇచ్చాం. 90 శాతానికి కావాల్సింది 10,260. అక్టోబరు 1 లోపు పంపాల్సిన నివేదిక, సీటీ-ఎన్ఆర్‌పీ-2, సెప్టెంబరులోనే పంపేశాను. అందులో మొత్తం రాబడి, ఖర్చు, డబ్బు ఏ సేవకు పోయిందన్నది రాయాలి. ఆ చివరి గడిలో ఆహార బ్యాంకు పేరు రాస్తున్నప్పుడు జనవరి నాటి మా ఇంట్లో మీటింగు గుర్తొచ్చింది. అప్పుడనుకున్నట్టే చేసి ఉంటే ఆ గడిలో ఏం రాసేదాన్నో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

స్టబ్‌లన్నీ పెట్టెలో కట్టి సంఘం రికార్డుల్లో పెట్టాను. తెలుగులో రాసిన ఆ ఒక్కదాన్నీ పిన్నిగారు గుర్తుగా అడిగారు. రికార్డు కనుక ఇవ్వలేకపోయాను, ఆవిడ దగ్గరున్న సగాన్నే దాచుకోమన్నాను. ఫొటో తీసి కొడుక్కు పంపాను.

2020 సంక్రాంతికి కొడుకూ కోడలూ ఆ టికెట్ల మీదే నరసరావుపేట వెళ్లొచ్చారు. అనివాసుల దగ్గర పట్టుకున్న పన్నుకు 1042-ఎస్ అనే పత్రం మరుసటి ఏడాది మార్చి 15 లోపు ఇవ్వాలి. మార్చి మొదటి వారంలో పిన్నిగారి ఊరి చిరునామాకు పోస్టు చేశాను. ఆ తర్వాత లాక్‌డౌన్ వచ్చింది, కవరు సంగతి నేనూ మర్చిపోయాను. జూన్‌లో ఒక ఉదయం వాట్సాప్ కాల్ వచ్చింది.

"అమ్మాయ్, నువ్వు పంపిన కాగితం ఇవాళ వచ్చింది. ఇందులో నా పేరు ఇంగ్లీషులో ఉందే!"

"వాళ్లు తెలుగు తీసుకోరు పిన్నిగారూ. అక్కడ 720 అని ఉందా?"

"ఉంది. దీన్నేం చెయ్యను?"

మన దగ్గర కూడా లాటరీ గెలుపు మీద 30 శాతం పన్నుంటుందని, అక్కడ కట్టేశామనడానికి ఇదే రుజువని, రిటర్ను వేసే ఆడిటరుకు చూపించమని చెప్పాను.

"అయితే దాచాలన్నమాట" అన్నారు. బీరువా తలుపు తీసిన చప్పుడు వినిపించింది. "పొలం పాసుపుస్తకం పక్కన పెట్టాలే."